ఫానిన్ కౌంటీ నల్లరేగడిలో 28 ఎకరాలు: కోస్టల్ బెర్ముడా, జాన్సన్ గ్రాస్, కేఆర్ బ్లూస్టెమ్. దేనితో మొదలుపెట్టాలి?

రేగడి_28

అందరికీ నమస్కారం అండి. టెక్సాస్‌లో డాలస్‌కి ఈశాన్యంగా, ఫానిన్ కౌంటీలో 28 ఎకరాల భూమి. నల్లరేగడి. ఇన్నాళ్లూ ఎండుగడ్డి కోతకి ఇవ్వడం వల్ల ఆగ్ వాల్యుయేషన్‌లో (సాగు భూమికి ఇచ్చే ఆస్తి పన్ను రాయితీలో) ఉంది. వచ్చే ఏడాది ఆ రాయితీని వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్‌కి (వన్యప్రాణుల సంరక్షణకి) మార్చి, పాత ప్రెయిరీ గడ్డి మళ్లీ తేవాలని ఉద్దేశం.

పొలం ఇలా ఉంది. మధ్యలో 14 ఎకరాలు కోస్టల్ బెర్ముడా, నేల కనపడనంత ఒత్తుగా. వాగు వెంట, తూర్పు కంచె వెంట కలిపి 5 ఎకరాలు జాన్సన్ గ్రాస్, మనిషెత్తు. రోడ్డు వైపు సున్నపురాయి తేలిన ఏటవాలులో 3 ఎకరాలు కేఆర్ (కింగ్ రాంచ్) బ్లూస్టెమ్, బయటి దేశపు గడ్డి, అంటున్నారు. ఉత్తరం మూల 4 ఎకరాలు ఎప్పుడూ దున్నలేదట. అక్కడ స్థానిక గడ్డులైన లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ దుబ్బులు బాగానే ఉన్నాయి కానీ వాటి మధ్యకి జాన్సన్ గ్రాస్ చొరబడుతోంది. మిగతాది చిన్న చెరువు, కొన్ని పెకాన్, ఓక్ చెట్లు.

మొత్తం డిస్క్ వేసి తిరగేసి, ఈ శరదృతువులోనే విత్తనం చల్లేయమని కాంట్రాక్టర్ అంటున్నారు. అది సరైన పద్ధతేనా? మూడు గడ్డులకీ ఒకే మందు సరిపోతుందా? బాబ్‌వైట్ కౌజులు వస్తే బాగుంటుందని ఆశ.

---

పచ్చికబయలు

డిస్క్ ఆలోచన ముందు ఆపేయండి అండి. జాన్సన్ గ్రాస్‌కి నేలలో పాకే కాండాలుంటాయి, రైజోమ్‌లు. డిస్క్ వాటిని ముక్కలు చేస్తుంది, కణుపు ఉన్న ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది. ఆ ముక్కలు పళ్లకి పట్టుకుని వాగు ఒడ్డు నుంచి పొలం మధ్యకి వస్తాయి. బెర్ముడా సంగతీ అంతే. అది మన గరికే కదా, గరికని దున్ని చంపిన రైతు ఎవరైనా ఉన్నారా? ఇక మీ ఉత్తరం మూల మీదకి డిస్క్ వెళ్లిందంటే పోయేది మళ్లీ కొనలేని నేల. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీలో దున్నకుండా మిగిలింది ఒక శాతం కన్నా తక్కువ.

అందుకే మొదలుపెట్టాల్సింది ఆ 4 ఎకరాల దగ్గరే. చాలామంది కంటికి ఎక్కువ చెడ్డగా కనిపించే చోట మొదలుపెట్టి రెండేళ్ల డబ్బూ ఓపికా అక్కడే ఖర్చు చేస్తారు. ఈలోగా మంచి ముక్క కూడా చెడిపోతుంది. మంచి గడ్డి ఉన్న చోట కలుపు తీస్తే ఖాళీ అయిన జాగాని పక్క దుబ్బులే నింపుకుంటాయి, విత్తనం కొనక్కర్లేదు. అక్కడి నుంచి బయటికి జరగాలి: ముందు ఉత్తరం మూల, తర్వాత దాన్ని ఆనుకున్న తూర్పు కంచె, తర్వాత ఏటవాలు, ఆఖరున కోస్టల్. కోస్టల్ ఎక్కడికీ పోదు. అది విత్తనం కట్టని హైబ్రిడ్, తీగలతోనే పాకుతుంది. ఏడాదికి ఒక అంచు కాచుకుంటే చాలు.

ఉత్తరం మూలలో జాన్సన్ గ్రాస్‌కి సరైన పనిముట్టు వైపర్. ట్రాక్టర్ ముందో, ఏటీవీ ముందో కట్టుకునే పైపు, దాని మీద మందుతో తడిసే తాడు. జాన్సన్ గ్రాస్ జూన్‌కల్లా మిగతా గడ్డి కంటే బాగా ఎత్తుకి లేస్తుంది. ఎత్తులో కనీసం 6 అంగుళాల తేడా ఉన్నప్పుడు, వైపర్‌ని మంచి గడ్డి కొసలకి తగలని ఎత్తులో పెట్టి నడపండి. 41 శాతం గ్లైఫోసేట్ (కలుపుమందు) ఒక వంతు, నీళ్లు రెండు వంతులు. వేగం గంటకి 5 మైళ్లు దాటకూడదు. ఒకసారి ఒక దిక్కుగా వెళ్లి, రెండోసారి ఎదురు దిక్కు నుంచి రావాలి, లేకపోతే కాండానికి ఒక పక్కే మందు అంటుతుంది.

ఇక్కడ పని చెడేది మందు కారడం వల్ల. తాడు మరీ తడిస్తే చుక్కలు పడి కింద లిటిల్ బ్లూస్టెమ్ మచ్చలు మచ్చలుగా చస్తుంది. గట్టు దగ్గర బండి ఆపి కొంచెంసేపు చూడండి, చుక్క పడుతుంటే మందు వచ్చే వాల్వు బిగించండి. దుమ్ము, గడ్డి పసరు పట్టి తాడు గట్టిపడితే మందు పీల్చదు, అప్పుడప్పుడూ కడగాలి.

సమయం ముఖ్యం. పొట్ట దశ నుంచి వెన్ను తీసే దాకా. అప్పుడు ఆకులో తయారైన ఆహారం రైజోమ్‌లోకి దిగుతుంది, దాంతో పాటే మందు కూడా. మే మొదట్లో అడుగెత్తు ఉన్నప్పుడు కొడితే పైది మాడుతుంది, కింద ఉన్నది మూడు వారాల్లో లేస్తుంది. గింజ రాలాక కొడితే ఆ ఏటి విత్తనం అప్పటికే నేలలో చేరిపోయింది. అది ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటుంది.

తేడా అంత లేని చోట, మంచి గడ్డి మీదే కొట్టాల్సి వస్తే, సల్ఫోసల్ఫ్యూరాన్ అనే కలుపుమందు వాడండి. అవుట్‌రైడర్ పేరుతో దొరుకుతుంది. ఎకరానికి 1 నుంచి 1.33 ఔన్సు, నాన్ అయానిక్ సర్ఫాక్టెంట్ (మందు ఆకుకి పట్టేలా చేసే ద్రవం) 0.25 శాతం కలిపి, జాన్సన్ గ్రాస్ 18 నుంచి 24 అంగుళాలు ఉన్నప్పుడు. బ్లూస్టెమ్‌లు తట్టుకుంటాయి. కలుపు వెంటనే మాడదు, పసుపూ ఊదా రంగులు తిరిగి మెల్లగా ఎండుతుంది. పని చేయలేదనుకుని రెండోసారి కొట్టేయకండి.

---

స్ప్రేట్యాంక్

పైన చెప్పిన వరుస బాగుంది. నేను కోస్టల్ గురించి, మందు కలపడం గురించి చెబుతాను. ఇక్కడ ఎక్కువ మంది విఫలమయ్యేది మందు మంచిది కాక కాదు, నీళ్ల వల్ల, కొలత వల్ల.

మీ దగ్గర బావి నీరు సున్నపురాయి నుంచి వచ్చేది అయితే గట్టి నీరు. అందులోని కాల్షియం గ్లైఫోసేట్‌ని పట్టేసుకుంటుంది, మొక్కలోకి పోనివ్వదు. అందుకే ముందు నీళ్లలో అమ్మోనియం సల్ఫేట్ కరిగించాలి. 100 గ్యాలన్లకి 17 పౌండ్లు, అంటే 25 గ్యాలన్ల ట్యాంకుకి నాలుగుంపావు పౌండ్లు. అది పూర్తిగా కరిగాకే గ్లైఫోసేట్ పోయాలి, వరుస తారుమారు చేస్తే ప్రయోజనం ఉండదు. స్ప్రే గ్రేడ్ తీసుకోండి, ఎరువుల గ్రేడ్‌లో ఉండే చెత్త నాజిళ్లలో ఇరుక్కుంటుంది. చెరువులోంచి బురద నీళ్లు తోడి కలపొద్దు. మట్టి రేణువులు మందుని కట్టిపడేస్తాయి. రేగడి నేల చెరువు నీళ్లైతే ఇక చెప్పక్కర్లేదు.

కొలత: నేల మీద 18.5 అడుగుల పొడవు, 18.5 అడుగుల వెడల్పు చదరం గీసుకోండి. ఎప్పుడూ కొట్టే తీరులో, మంచి నీళ్లతో అది తడపడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. తర్వాత అన్నే సెకన్లు బకెట్‌లోకి వదలండి. బకెట్‌లో ఎన్ని ఔన్సులు పడ్డాయో, ఎకరానికి అన్ని గ్యాలన్లు మీరు కొడుతున్నట్టు. లెక్కలు అక్కర్లేదు. బూమ్ (నాజిళ్లు వరసగా ఉన్న పైపు) అయితే నాజిళ్ల మధ్య 20 అంగుళాలు ఉన్నప్పుడు 204 అడుగులు నడిపే సమయం తీసుకుని, ఒక్క నాజిల్ కింద అంతసేపు పట్టండి. అదే లెక్క.

కోస్టల్‌కి ఒక్కసారి కొడితే చావదు. పద్ధతి ఇది. ఏప్రిల్ చివర్లో దగ్గరగా కోయించి ఆ ఎండుగడ్డి బయటికి పంపేయండి. కింద పాత గడ్డి దట్టంగా పేరుకుని ఉంటే మందు దాని మీదే పడుతుంది, పచ్చని ఆకు దాకా చేరదు. 6 నుంచి 8 అంగుళాలు లేత చిగురు వచ్చాక, జూన్ మొదట్లో, ఎకరానికి 4 క్వార్ట్‌ల (క్వార్ట్ అంటే పావు గ్యాలన్) 41 శాతం గ్లైఫోసేట్. నీళ్లు తక్కువ ఉంటేనే గ్లైఫోసేట్ బాగా పని చేస్తుంది, ఎకరానికి 15 గ్యాలన్లు చాలు. ఆ లెక్కన 25 గ్యాలన్ల ట్యాంకు ఒక ఎకరం, దాని మీద ఇంకో మూడింట రెండు వంతుల ఎకరానికి వస్తుంది, దాంట్లో 6 క్వార్ట్‌లు, దాని మీద ఇంకో మూడింట రెండు వంతుల క్వార్ట్ మందు పడాలి. ఆరు వారాలు ఆగి పచ్చబడ్డ చోటల్లా మళ్లీ 2 క్వార్ట్‌లు. సెప్టెంబరులో, గడ్డి ఆహారం వేళ్లకి పంపుకుంటున్నప్పుడు, మూడోసారి 2 క్వార్ట్‌లు. మొత్తం 8. 41 శాతం రకాలకి లేబుల్ మీద ఎకరానికి ఏడాదికి ఉండే పరిమితి సాధారణంగా అదే. మీ డబ్బా మీద ఏముందో చదవండి, అది చట్టం కూడా.

ఆగస్టులో వానల్లేక గడ్డి ముడుచుకుపోయి ఉంటే కొట్టకండి. ఎదగని మొక్క మందుని కిందికి తీసుకుపోదు. మంచి వాన పడి పది రోజులకి చిగురించినప్పుడు కొట్టండి, తేదీ వారం అటూ ఇటూ అయినా పర్వాలేదు.

రెండు హెచ్చరికలు. ఇమజాపైర్ అనే ఇంకో మందు కలిపితే బెర్ముడా బాగా చస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, చస్తుంది. కానీ అది నేలలో నిలిచి వేళ్ల ద్వారా ఎక్కుతుంది, మీ పెకాన్‌లు, ఓక్‌లు కూడా పోతాయి. వాటి వేళ్లు కొమ్మల నీడ దాటి చాలా దూరం పోతాయి. హెక్సజినోన్ అనే మందు ఓక్‌లకి ఇంకా ప్రమాదం. రెండోది చెరువు గట్టు. మామూలు గ్లైఫోసేట్‌లో కలిపే సర్ఫాక్టెంట్ చేపలకి, కప్ప పిల్లలకి విషం. నీటి అంచున ఆక్వాటిక్ లేబుల్ (నీటి దగ్గర వాడొచ్చని రాసి) ఉన్న రకమే వాడాలి.

గాలి గంటకి 3 నుంచి 10 మైళ్లు ఉన్నప్పుడు కొట్టండి. తెల్లవారుజామున గాలి అసలు లేకపోవడం మంచిదనుకుంటారు. అప్పుడు తుంపర నేల మీద పొగలా తేలుతూ పక్కవాళ్ల పొలంలోకి పోతుంది.

---

కౌజుపిట్ట

కేఆర్ బ్లూస్టెమ్ అని ముందు ఖాయం చేసుకోండి అండి. పొలాల్లో సిల్వర్ బ్లూస్టెమ్ అనే స్థానిక గడ్డి కూడా ఉంటుంది, దగ్గరి చుట్టం. దాని వెన్ను తెల్లగా దూదిలా ఉంటుంది. కేఆర్ వెన్ను ఊదా ఎరుపు రంగులో సన్నని వేళ్లలా విప్పుకుంటుంది, కణుపుల చుట్టూ సన్నటి వెంట్రుకల వరుస ఉంటుంది. మొత్తం పొలానికి పరీక్ష పెట్టడానికి మంచి సమయం డిసెంబరు. మంచు పడ్డాక లిటిల్ బ్లూస్టెమ్ రాగి రంగుకి తిరిగి దూరం నుంచే కనిపిస్తుంది, బెర్ముడా పాలిపోయిన గడ్డి రంగులో ఉంటుంది. అప్పుడు జెండాలు పాతి గుర్తు పెట్టుకోండి. మీరు అనుకున్నదాని కంటే మంచి గడ్డి ఎక్కువే కనిపించే అవకాశం ఉంది.

కేఆర్‌ని మోవర్‌తో అదుపు చేయాలనుకోవద్దు. కోసినకొద్దీ అది నేలకి అంటుకుని పడుకుని, రెండంగుళాల ఎత్తులోనే వెన్ను తీస్తుంది. ఈలోగా ఎత్తుగా పెరగాల్సిన ఇండియన్ గ్రాస్ నష్టపోతుంది. అంటే కోత కేఆర్‌కి సాయం.

చలికాలం మంట పెట్టినా అంతే. అప్పుడు దాని మొగ్గలు నేల దగ్గర నిద్రలో ఉంటాయి, పాత గడ్డి కాలిపోయి వెలుతురు వచ్చేసరికి వసంతంలో ఇంకా ఒత్తుగా లేస్తుంది. దెబ్బ తగిలేది ఎదుగుతున్నప్పుడు, అంటే వేసవి చివర, ఆగస్టు సెప్టెంబరు మంటకి. చిక్కు ఏంటంటే సరిగ్గా ఆ నెలల్లోనే కౌంటీ బర్న్ బ్యాన్ (మంటల మీద నిషేధం) ఉంటుంది. మంట పెట్టాలంటే రాసుకున్న ప్రణాళిక, మినరల్ సాయిల్ (గడ్డీ చెత్తా లేని వట్టి మట్టి) దాకా గీసిన ఫైర్ లైన్లు (మంట దాటకుండా ఆపే బాటలు), నీళ్ల బండ్లు, అనుభవం ఉన్న మనుషులు కావాలి. టెక్సాస్ పర్యావరణ నియమాల ప్రకారం గాలి గంటకి 6 మైళ్ల కంటే తక్కువగానీ 23 కంటే ఎక్కువగానీ ఉంటుందని అంచనా ఉంటే మొదలుపెట్టకూడదు. సూర్యోదయం అయ్యాక గంటకి ముందు అంటించకూడదు, సూర్యాస్తమయానికి గంట ముందే ముగించాలి. మీ ఏటవాలు రోడ్డు పక్కనే ఉంది, పొగ రోడ్డు మీదకి పోతే ప్రమాదం జరుగుతుంది. మీ ప్రాంతంలోని ప్రిస్క్రైబ్డ్ బర్న్ అసోసియేషన్‌లో (ప్రణాళికతో మంట పెట్టే భూయజమానుల సంఘంలో) చేరి, వాళ్ల మంటల్లో పని నేర్చుకుని, వాళ్లతో చేయించండి. సొంతంగా అసలు వద్దు.

3 ఎకరాలకి మంట కుదరకపోతే గ్లైఫోసేట్ 2 శాతంతో స్పాట్ స్ప్రే, గ్యాలన్‌కి రెండున్నర ఔన్సుల పైన కొంచెం. మే చివర ఒకసారి, వాన తర్వాత చిగురించినప్పుడు మరోసారి. రెండు ఎదుగుదల కాలాలు వరసగా చేయాలి, ఎందుకంటే నేలలో గింజ ఉంటుంది. మొదటి ఏడాదే ఖాళీ చేసి విత్తితే కేఆర్ మొలకలే ముందు లేస్తాయి.

కౌజుల గురించి నిజం చెప్పాలి. ఒక్క 28 ఎకరాల్లో బాబ్‌వైట్ గుంపు నిలవదు. వాటికి ఒకదానికొకటి ఆనుకుని వందల, వేల ఎకరాలు మంచి ఆవాసం కావాలి. మీ చుట్టుపక్కల వాళ్లు కలిసి వైల్డ్‌లైఫ్ కో ఆప్ (సహకార సంఘం) పెట్టుకుంటే ఎప్పటికైనా ఆశ ఉంటుంది. ఈలోగా మీ భూమిలో తప్పక వచ్చేవి డిక్‌సిసెల్, మెడోలార్క్ పక్షులు, శీతాకాలపు పిచ్చుకలు, మొనార్క్ సీతాకోకచిలుకలు. అయినా కౌజుకి కావాల్సిన నేల తీరే వీటిలో చాలావాటికీ సరిపోతుంది: ఎకరానికి 250కి తక్కువ కాకుండా దుబ్బులు, ఒక్కొక్కటీ బాస్కెట్‌బాల్ అంత, వాటి మధ్య ఖాళీ నేల. అప్పుడే పుట్టిన కౌజు పిల్ల బొటనవేలి కొసంత ఉంటుంది. బెర్ముడా అల్లికలో అది నాలుగడుగులు కూడా నడవలేదు, పురుగులు ఏరుకోలేదు. గరిక మీద మనకి ఇంత పట్టింపు అందుకే.

వైల్డ్‌లైఫ్ వాల్యుయేషన్‌కి భూమి ముందు ఏడాది 1-డి-1 ఆగ్ (సాగు భూమి పన్ను రాయితీ) కింద ఉండి ఉండాలి, మీది ఉంది. ఏడు పనుల్లో కనీసం మూడు చేయాలి: ఆవాస నియంత్రణ, నేల కోసుకుపోకుండా నివారణ, పరభక్షుల నియంత్రణ, అదనపు నీరు, అదనపు ఆహారం, గూళ్లూ ఆశ్రయాలూ, లెక్కింపు. ఈ గడ్డి పనంతా మొదటి దాని కిందికి వస్తుంది. అదనపు నీరు ఏర్పాటు చేసి, ఏటా పక్షుల లెక్క కలిపితే మూడు. ఏప్రిల్ 30 లోపు ప్రణాళికతో పాటు అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి (కౌంటీలో ఆస్తి విలువ కట్టే ఆఫీసుకి) దరఖాస్తు ఇవ్వాలి. మందు రసీదులు, తేదీలు, ఒకే చోట నిలబడి ఏటా తీసిన ఫోటోలు దాచుకోండి. పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ బయాలజిస్టు ఉచితంగా వచ్చి చూస్తారు, ప్రణాళిక రాయకముందే పిలవండి.

---

రేగడి_28

అందరికీ ధన్యవాదాలు అండి. కాంట్రాక్టర్‌కి డిస్క్ వద్దని చెప్పేశాను. ఇంకో రెండు సందేహాలు. వాగు వెంట జాన్సన్ గ్రాస్ మేపుకుంటామని పక్క రాంచ్ ఆయన అడుగుతున్నారు, ఒప్పుకోవచ్చా? కోస్టల్ చచ్చాక విత్తనం ఎప్పుడు, ఎంత?

---

గొర్రుసాలు

మేపడం మంచి పనే. జాన్సన్ గ్రాస్‌ని పశువులు ఇష్టంగా తింటాయి, మళ్లీ మళ్లీ కొరికితే రైజోమ్‌లో నిల్వ తరిగిపోతుంది. కానీ ఇది జొన్న జాతి. మన ఊళ్లలో లేత జొన్న మేసి పశువుకి నాము తగిలినట్టే ఇక్కడా తగులుతుంది, అదే సైనైడ్ విషం. కరువులో వాడినప్పుడు, వాన పడి లేత పిలకలు లేచినప్పుడు, మొదటి మంచు కాటు తర్వాత ప్రమాదం. అడుగున్నర ఎత్తు దాటాకే వదలాలి. మంచు కాటు పడితే పూర్తిగా ఎండేదాకా, కనీసం పది రోజులు, బయట ఉంచాలి. ఆకలి మీద ఉన్న పశువుని అసలు తోలకూడదు. ఈ షరతులు కాగితం మీద రాసుకోండి. ఉత్తరం మూలకి ఎలక్ట్రిక్ తీగ అడ్డం కట్టండి, లేకపోతే అవి ముందు తినేది ఇండియన్ గ్రాస్‌నే. గింజ పట్టిన గడ్డి మేసి మీ మంచి ముక్కలోకి వస్తే పేడతో విత్తనం చల్లినట్టే.

విత్తనం ఈ శరదృతువులో వద్దు. సెప్టెంబరు మందు తర్వాత అక్టోబరులో ఎకరానికి 30 పౌండ్ల ఓట్స్ పలచగా వేయండి. రై గ్రాస్ మాత్రం వేయకండి, అది ఇంకో తలనొప్పి అవుతుంది. ఫిబ్రవరిలో ఓట్స్‌ని మందుతో చంపి, నిలబడి ఉన్న ఆ మోళ్లలోనే నో టిల్ డ్రిల్‌తో (దున్నకుండానే విత్తే యంత్రంతో) ఫిబ్రవరి చివర్లోగానీ మార్చిలోగానీ విత్తాలి. సెప్టెంబరు మందు తర్వాత కూడా గరిక మళ్లీ ఎక్కువగా పచ్చబడితే విత్తడం ఒక ఏడాది వాయిదా వేయండి. విత్తాక గరికని ఎంచి చంపడం కుదరదు.

లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ గింజ నూగుతో ఉంటుంది, మామూలు డ్రిల్ గొట్టాల్లో ఉండచుట్టి ఆగిపోతుంది. కదుపుతూ ఉండే ఫ్లఫీ బాక్స్ ఉన్న డ్రిల్ అడగండి, కొన్ని సాయిల్ అండ్ వాటర్ కన్జర్వేషన్ డిస్ట్రిక్టులు అద్దెకి ఇస్తాయి. లోతు పావు అంగుళం, అర అంగుళం దాటితే మొలవదు. విత్తే ముందు నేల మీద నడిచి చూడండి, బూటు మడమ అర అంగుళానికి మించి దిగితే ఇంకా గుల్లగా ఉన్నట్టు, రోలర్ తిప్పాలి.

విత్తనం కొనేటప్పుడు సంచి బరువు కాదు, ప్యూర్ లైవ్ సీడ్ చూడాలి. శుద్ధత 50 శాతం, మొలక 80 శాతం ఉంటే 10 పౌండ్ల సంచిలో పని చేసేది 4 పౌండ్లే. ఎకరానికి ఈ లెక్కన 8 పౌండ్ల వరకు మిశ్రమం వేయొచ్చు: లిటిల్ బ్లూస్టెమ్ ఎక్కువగా, ఇండియన్ గ్రాస్, సైడోట్స్ గ్రామా, వాటితో ఇల్లినాయిస్ బండిల్‌ఫ్లవర్, పార్ట్రిడ్జ్ పీ, మాక్సిమిలియన్ సన్‌ఫ్లవర్. స్విచ్‌గ్రాస్ తక్కువ వేయండి. అది ఒంటరిగా కమ్మేస్తుంది. పైగా తర్వాత జాన్సన్ గ్రాస్ మొలకల మీద ఇమజాపిక్ (ఇమజాపైర్ కాదు, వేరే మందు) కొట్టాల్సి వస్తే బ్లూస్టెమ్‌లు, ఇండియన్ గ్రాస్ తట్టుకుంటాయి, స్విచ్‌గ్రాస్ తట్టుకోదు. ఎరువు వేయొద్దు, నత్రజని కలుపుకే పోతుంది.

మొదటి ఏడాది పొలం అంతా కలుపులా కనిపిస్తుంది. స్థానిక గడ్డి అప్పుడు వేళ్లు దింపుకుంటూ ఉంటుంది, పైకి నాలుగు ఆకులే. కలుపు మోకాలెత్తు దాటితే మోవర్‌ని 8 నుంచి 10 అంగుళాల ఎత్తులో పెట్టి పైపైన కోయండి. అది మొదటి ఏడాదికే. రెండో ఏడాది నుంచి ఏప్రిల్ మొదలు ఆగస్టు దాకా కోత వద్దు, నేల మీద గూళ్లుంటాయి. పంట వచ్చిందా లేదా అన్నది మూడో వేసవిలో చూడండి.

ఇంకొకటి. అద్దె మోవర్, బేలర్, డ్రిల్ ఏది వచ్చినా గేటు బయటే ఎయిర్ కంప్రెసర్‌తో ఊదించండి, డెక్ అడుగు భాగం, చక్రాల మధ్య కూడా. కేఆర్ గింజ ఎక్కువగా రోడ్డు పక్క కోసి వచ్చిన యంత్రాలతోనే పొలాల్లోకి వస్తుంది. మీ ఏటవాలులోకి కూడా అలానే వచ్చి ఉంటుంది.